చెరిపిన సున్నపు గీత

మా డిప్యూటీ తాసిల్దారు సార్ పోయారన్న కబురు నాకు మొదట చెప్పింది మా ఆఫీసువాళ్ళు కాదు, తమిళనాడు వైపు తాసిల్దారుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి. "మీ సార్ పొద్దున్నే పోయినారప్పా. నేను పుత్తూరుకు బయల్దేరినా, నువ్వూ వచ్చేయ్" అని ఫోన్ పెట్టేశారు. వడమాలపేటలో బస్సు కోసం నిలబడి, సిగ్గు లేకుండా ఏడ్చాను.

సార్ కింద నేను సర్వేయర్‌ని. నాకు నోటి దురుసు. ఆయన నిదానస్తుడు. ఏ ఆఫీసుకు వెళ్ళినా అవతలివాళ్ళు ఇచ్చిన మంచినీళ్ళు తాగాకే కాగితం బయటికి తీసేవారు. "వాళ్ళ నీళ్ళు తాగినాక వాళ్ళ మీద అరవడానికి మనకే మొగం చెల్లదప్పా" అని నవ్వేవారు.

అప్పట్లో తమిళనాడు సరిహద్దు అవతల ఉన్న ఒక చిన్న పల్లె మన రాష్ట్రంలోకి మారాలని రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. హద్దులు కలిసి కొలవాలి, రికార్డులు అప్పగించుకోవాలి. ఆ పల్లెలో కిడ్నీలు చెడిపోయిన ఒకాయన ఉన్నాడు. అవతలి ప్రభుత్వం ఇచ్చిన ఆరోగ్య కార్డు మీద వారానికి రెండుసార్లు ఉచితంగా డయాలసిస్. ఆయన భార్య సార్‌ను ఒకటే అడిగింది: "ఆ కార్డు తీసేసి మీ కార్డు వచ్చేలోపల ఒక్క వారం ఖాళీ పడినా మా ఆయన దక్కడు సార్. యాడికి పోవాల మేము?"

"నాకు చేతనైంది చేస్తానమ్మా" అన్నారు సార్. అంతకుమించి మాట ఇవ్వలేదు.

అంతలో నా ఘనకార్యం. పని తొందరగా తెములుతుందని, ఉమ్మడి సర్వేకు ముందురోజు నేనొక్కడినే పోయి హద్దు వెంబడి సున్నంతో గీత పోసి వచ్చాను. మర్నాడు అవతలి తాసిల్దారు గీతను చూశారు, నన్ను చూశారు. "మీరే కొలిచేసుకున్నారు గదా, ఇంక మేమెందుకు?" అని జీపెక్కి వెళ్ళిపోయారు.

"పోతే పోనీ సార్, గీత కరెక్టే!" అని ఎగిరాను నేను.

"కరెక్టే అయ్యుండొచ్చప్పా. ఆయన్ను పిలవకుండా గీసినావే, అదే తప్పు."

నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత సార్ చేసిన పని మా ఆఫీసులో ఇంకెవరూ చేయరు. తప్పు మాదేనని రాసి సంతకం పెట్టి, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి అవతలి తాసిల్దారు చేతికిచ్చారు. ప్రభుత్వం తరఫున తప్పు ఒప్పుకునే అధికారం మీకెవరిచ్చారని పైనుంచి మెమో వచ్చింది. ఆయన రిటైర్మెంటుకు ఏడాది కూడా లేదు. "నా పేరు రాసుంటే సరిపోయేది గదా సార్" అన్నాను, కడుపు మండి. "నువ్వు మన ఆఫీసోడివి గదప్పా" అన్నారు, అంతే.

అవతలివాళ్ళ ఎదుట నా చేత్తోనే గీత చెరిపించి, సర్వే మళ్ళీ మొదలుపెట్టించారు. అందరం కలిసి కొలిస్తే గీత సరిగ్గా అక్కడే వచ్చింది! నేను నోరు తెరవబోతే సార్ నా కాలు తొక్కారు.

పల్లె మారే రోజు వచ్చేసింది, మన కార్డులు రాలేదు. పాత కార్డులు ఆ రోజే రద్దు చేయమని వాళ్ళకు ఆదేశం. సార్ వెళ్ళి ఆ భార్యాభర్తల సంగతి చెప్పారు. అవతలి తాసిల్దారు రద్దు చేయాల్సిన కార్డుల జాబితా తీసి టేబుల్ మీద పెట్టుకున్నారు. "మీ మీదికి వస్తాదని తెలిసి కూడా రాసిచ్చినారు సార్. మీ కార్డు ఆస్పత్రిలో పనిచేసిందని మీరు చెప్పిందాకా ఈ జాబితా నా టేబుల్ మీదే ఉంటాది" అన్నారు. పదకొండు రోజులు ఉంచారు. ఆలస్యం ఎందుకైందని తన పైవాళ్ళకు ఆయనా జవాబు చెప్పుకున్నారు. డయాలసిస్ ఒక్కసారి కూడా తప్పలేదు.

నేను పుత్తూరు చేరేసరికి పాడె సిద్ధంగా ఉంది. కిడ్నీల జబ్బాయన భార్యతో వచ్చి, తానూ మోస్తానని పట్టుబడుతున్నాడు. సూదులు గుచ్చే చేతి మీద బరువు పడకూడదు. భార్య వద్దంటూ లాగుతోంది, ఆయన వింటేనా! అప్పుడు ఆ రిటైర్డ్ తాసిల్దారు చెప్పులు విడిచి వచ్చి, ఆయన నిలబడ్డ చోటే కర్ర కింద తన భుజం పెట్టారు.

"బరువు నేను మోస్తా. నువ్వు చెయ్యి మాత్రం పెట్టప్పా."

పాడె లేచింది. సూదిపోట్లతో ఉబ్బిన ఆ చేతిని శ్మశానం దాకా ఆయన కర్ర మీద నుంచి తీయలేదు.