పెంకు సర్దని వేసవి

మా పాత గుడిసెకు ఫొటోలు తీయడానికి వచ్చేవాళ్లంటే నాకు మొదట్నుంచీ ఒళ్లుమంట. గోదావరిఖనిలో చూడదగ్గవి లేవా? చౌరస్తా ఉంది, గోదావరి వంతెన ఉంది, రంగురంగుల మేడలున్నాయి. అవన్నీ వదిలేసి, మెడలో కెమెరా వేసుకుని వచ్చి, మా గుడిసె వెనక పాచి పట్టిన మూల దగ్గర నిలబడిపోతారు. ఒకసారి ఒక అమ్మాయి తుప్పు పట్టిన గొళ్లేన్ని ఫొటో తీస్తూ "ఎంత అందంగా ఉందో ఆంటీ" అంది. ఆ గొళ్లెం చిన్నప్పుడు నా వేలు ఎన్నిసార్లు కోసిందో ఆమెకేం తెలుసు? అందమట. నేను మొహం తిప్పేసుకున్నాను.

ఆ గుడిసె మా బాపు కట్టింది. ఊళ్లో చేను పండక బొగ్గుబావిలో పనికి కుదిరిన కొత్తలో, బావికి దగ్గరగా కట్టుకున్నాడు. ఆయన టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం ఆయన పని. ఇల్లు కూడా అట్లాగే కట్టాడు. బరువంతా నిలువు దుంగల మీద, పైన గూనపెంకులు, దుంగలకూ దుంగలకూ మధ్య మట్టిగోడలు. జల్లు కొట్టే వైపు, బొగ్గు మోసి మోసి అరిగిపోయిన కన్వేయర్ బెల్టు ముక్క ఒకటి వేలాడదీశాడు. బడిలో 'మా ఇల్లు' బొమ్మ వేయమంటే నేను ఎప్పుడూ స్లాబు ఇల్లే వేసేదాన్ని. రెండు కిటికీలు, మీద టీవీ అంటెన్నా. బెల్టు ముక్క ఒక్కసారీ వేయలేదు.

తర్వాత కంపెనీ క్వార్టర్ వచ్చింది. బాపు రిటైరయ్యాక, మా ఆయనకూ బావిలోనే ఉద్యోగం కాబట్టి, అమ్మా బాపూ మా క్వార్టర్‌కే వచ్చేశారు. అయినా అమ్మ ఏటా దసరా ముందు ఆ గుడిసెకు పోయి పడమటి గోడ లోపలివైపు అలికేది. ఎర్రమట్టి, పేడ కలిపి, చెయ్యి తిప్పుతూ గోడంతా గీతలు గీతలుగా అలికేది. ఆమెది ఎడమచేతి వాటం. అందరి గోడల మీద గీతలు ఒక వైపు తిరిగితే మా గోడ మీద ఇంకో వైపు తిరిగేవి. చివరిసారి అలికినప్పుడు సగంలోనే ఆయాసం వచ్చి కూలబడింది. పట్టుబట్టి పూర్తి చేసింది. ఆ చలికాలంలోనే పోయింది.

ఆ తర్వాత ఆ గోడ మీద ఇంకొకరి చెయ్యి పడటానికి బాపు ఒప్పుకోలేదు. నేను అలుకుతానన్నా వద్దన్నాడు. రోజూ పొద్దున ఫస్టు షిఫ్టు సైరన్ వేళకు చేతికర్ర పట్టుకుని గుడిసెకు పోయేవాడు. "తాత డ్యూటీకి పోయిండు" అని నా పిల్లలు నవ్వేవాళ్లు. పోగానే కర్రతో ఒక్కో వాసం, ఒక్కో దుంగ తట్టి వినేవాడు. బావిలో నేర్చిన అలవాటు అది. గట్టి చప్పుడొస్తే ఫరవాలేదు, బోలుగా మోగితే ప్రమాదం. తర్వాత బొగ్గుపొయ్యి మీద చాయ్ పెట్టుకుని ఆ గోడకు ఎదురుగా కూర్చునేవాడు. మిరుగం కార్తె తొలి వానలకు ముందే ఏటా పెంకులు సర్దించేవాడు. గోడకు నీళ్లు తగలొద్దు, ఆయనకున్న ఒకే ఒక్క ఫికర్ అది.

పోయిన ఏడు వేసవిలో కోతులు పెంకుల మీద గంతులేసి పైవరుసలో ఒక పెంకును జరిపేశాయి. దాన్ని సర్దుదామని బాపు నిచ్చెన తెచ్చి లోపల ఆ గోడ పక్క మూలకు ఆనించాడు. నేను అన్నం తీసుకుని అప్పుడే వెళ్లాను. సరిగ్గా అదే సమయానికి హైదరాబాద్ నుంచి ఒక చిత్రకారుడు వచ్చాడు. మర్యాదస్తుడే, వంక పెట్టడానికి లేదు. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. వచ్చినవాడు కదలకుండా నిలబడిపోయాడు. జరిగిన పెంకు సందులోంచి ఎండ ఏటవాలుగా గోడ మీద పడుతోంది. ఆ వెలుగులో అమ్మ వేళ్ల గీతలు ఒక్కొక్కటీ పైకి తేలి కనిపిస్తున్నాయి. చీకటి ఇంట్లో అన్నేళ్లున్నాం, అంత స్పష్టంగా మేమెప్పుడూ చూడలేదు.

"పెద్దాయనా, ఈ వెలుగు ఇట్లాగే కావాలి. వారం పది రోజుల్లో రంగులు తెచ్చుకుని వస్తాను. అప్పటిదాకా ఆ పెంకు కదిలించకండి" అన్నాడు. బాపు సరేనని మాటిచ్చాడు. అతను ఆరోజు గోడనూ, పెంకునూ, నిచ్చెననూ పెన్సిల్‌తో కొంత గీసుకుని, ఫోన్‌తో ఫొటోలు తీసుకుని వెళ్లాడు.

అతను వెళ్లాక కూడా బాపు గోడవైపే చూస్తున్నాడు. "సారు పుణ్యాన మీ అవ్వ చెయ్యి మంచిగ కానొచ్చింది బిడ్డా" అన్నాడు. నేను అన్నం గిన్నె ఆయన ముందు పెట్టాను.

పది రోజులు దాటాయి. అతను ఫోన్ చేసి, ఇంట్లో పెళ్లి ఉందని, వచ్చే వారం తప్పకుండా వస్తానని అన్నాడు. ఆ వచ్చే వారం కూడా పోయింది.

"బాపు, ఇగ పెంక సదిరియ్యరాదు? మొగులైతున్నది, వానొస్తది" అన్నాను.

"సారుకు మాటిచ్చిన."

"సారు వస్తడో రాడో."

"వస్తడు. అయినా పొద్దుమీకి పరదా కప్పుతున్న గద. దుంగలు తట్టి చూసిన, మంచిగ మోగుతున్నయ్. ఏం గాదు."

నిజం చెప్పాలంటే సారు కోసం ఒక్కటే కాదు. రోజూ సాయంత్రం పెంకుల మీద ప్లాస్టిక్ పరదా కప్పేవాడు, పొద్దున రాగానే తీసేసేవాడు. ఎండ గోడ మీదికి వచ్చి, గీతల మీదుగా పాకి, కిందికి దిగిపోయేదాకా చాయ్ చల్లారబెట్టుకుని చూస్తూ ఉండేవాడు. ఆ చూపు చూశాక ఇంకేం అంటాను?

ఒకరోజు బీపీ చూపించడానికి ఆయన్ను దవాఖానకు తీసుకుపోయాను. ఎండ ఫెళ్లున కాస్తోందని పరదా తీసే ఉంచి వచ్చాడు. మేం వరుసలో కూర్చున్నప్పుడే గాలిదుమారం లేచింది. కిటికీలు టపటపా కొట్టుకున్నాయి, వాన అందుకుంది. బాపు లేచి నిలబడి "పోదాం పా, జల్ది పోదాం" అన్నాడు. ఆ వానలో ఆటోవాళ్లెవరూ రాలేదు. ఎట్లాగో ఇంటికి చేరేసరికి కరెంటు పోయి, రోడ్ల మీద చెట్లు పడి ఉన్నాయి. వాన తెల్లారేదాకా తెరిపి ఇవ్వలేదు.

పొద్దున గుడిసెకు వెళ్లాం. ఒక పెంకు జరిగిన సందులోంచి గాలి దూరి ఆ వరుసంతా లేపేసింది. నీళ్లు నేరుగా గోడ నెత్తిన పడ్డాయి. దుంగలు నిలబడే ఉన్నాయి, వాసాలు నిలబడే ఉన్నాయి. వాటి మధ్య గోడ లేదు. ఎర్రటి మట్టికుప్ప ఉంది, దానిలోంచి చిన్న కాలువ గడప దాకా పారింది.

బాపు అలవాటు కొద్దీ కర్రతో దుంగ తట్టాడు. గట్టిగానే మోగింది.

"కప్పు మంచిగనే ఉన్నది" అన్నాడు. కర్ర దించి, "బాయిల భయమంత మీదికెల్లే. నేను మీదికే చూసిన బిడ్డా, గోడ దిక్కు చూడలే" అన్నాడు. జీవితమంతా నెత్తిమీది కప్పునే కనిపెట్టుకుని బతికిన మనిషి. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఏడవలేదు. ఒంగి ఆ మట్టిని చేతులతో దగ్గరికి తీయడం మొదలుపెట్టాడు, ఎక్కడన్నా ఒక పెళ్ల మీద గీత మిగిలిందేమోనని. ఒక్కటీ దొరకలేదు.

ఆ వారంలోనే చిత్రకారుడు వచ్చాడు. గడప దగ్గర ఆగి, ముందు ఫోన్ తీసి ఆ మట్టికుప్పను ఫొటో తీశాడు. ఆ తర్వాత "అయ్యో" అన్నాడు. ఆ రెండూ ఆ వరుసలో జరగడం నేను కళ్లారా చూశాను. "బొమ్మ మంచిగ వచ్చిందా సారూ?" అని అడిగేశాను. అతని మొహం నల్లబడింది. బాపు నన్ను కసిరి, అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి చాయ్ పోశాడు. అతను రెండు చేతులతో గ్లాసు పట్టుకుని చాయ్ చివరిదాకా తాగాడు.

దీపావళి దాటాక బొమ్మ పూర్తిచేసి, అద్దం కట్టించి, తనే మోసుకొచ్చి ఇచ్చాడు. చూడకూడదనుకుంటూనే చూశాను. బాగుంది. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది. గోడ ఎరుపు, వాసాల మీది బొగ్గు నలుపు, బయట వేలాడే బెల్టు ముక్క అంచు, ఎడమవైపుకు తిరిగిన అమ్మ వేళ్లు. నేను సిగ్గుపడి బడిలో ఎన్నడూ వేయని ఇల్లు ఇదా అనిపించింది. వచ్చినవాళ్లంతా నిలబడిపోయి చూసింది ఇదేనేమో. మాది కాదు, ఎవరిదో ఇల్లు అనుకుని చూసి ఉంటే నాకూ ముందే కనిపించేది. ఇప్పుడు కనిపించి ఏం లాభం? తడిమి చూద్దామంటే అద్దం తగులుతుంది.

బొమ్మను క్వార్టర్‌లో బాపు మంచానికి ఎదురుగా తగిలించాం. అమ్మ చేతిగీతలు చూసుకుంటాడని నేననుకున్నాను. మొన్న చాయ్ తీసుకుని వెళితే మంచం మీంచే కర్ర చాచి బొమ్మ పైమూల చూపించాడు. అక్కడ జరిగిన పెంకు, సందులోంచి దిగుతున్న ఎండ. తర్వాత కర్ర మెల్లగా కిందికి జరిగి పక్క మూలలో ఆగింది.

"గిది చూసినవా?" అన్నాడు. "నిచ్చెన సుత వెట్టే ఉన్నది గద బిడ్డా."