నీలం దిగేదాకా

2008 జూలై 15, మంగళవారం, ఉదయం ఆరుంబావు. సూరత్‌లో ఎడతెరిపి లేని వాన. రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగిన మరునాడు, ఆసుపత్రి స్నానాలగదిలో నేను కదలకుండా నిలబడిపోయాను. నా మూత్రం నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంది.

బ్యాంకులో పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. లెక్క తేలనిదేదీ నమ్మను. వ్యాధి తొలిదశలోనే ఉన్నందున రొమ్మును ఉంచి, గడ్డను మాత్రమే తీశారని తెలుసు. మరి ఈ రంగు ఎక్కడిది? మూత్రపిండాలు చెడ్డాయా?

తోడుగా వచ్చిన లక్ష్మి తొంగిచూసింది. తెలంగాణ నుంచి వలసొచ్చి, నగరంలోని ఉధ్నా పేటలో మా పొరుగింట్లో ఉంటోంది. ఆమె భర్త బట్టలకు రంగులేసే మిల్లులో పనిచేస్తాడు.

"ఏందక్కా, గట్ల నిలవడ్డవ్?"

చూపించాను.

"మా ఆయన బనీను పిండితె గిదే రంగు. నీకు ఆపరేషన్ చేసిన్రా, అద్దకం ఏసిన్రా?"

భయంలోనూ నవ్వొచ్చింది. డాక్టరు రాగానే అడిగాను. గడ్డ దగ్గర నీలిరంగు ఎక్కించారట. క్యాన్సర్ పాకితే చంకలో మొదట ఏ శోషరస గ్రంథులకు చేరుతుందో, ఆ రంగూ మొదట వాటికే చేరుతుందట. నీలమెక్కిన వాటినే తీసి పరీక్షకు పంపారు. వాటిలో క్యాన్సర్ ఉంటే చంకలోని గ్రంథులన్నీ తీయాలి; అప్పుడు చెయ్యి శాశ్వతంగా వాచే ప్రమాదముంది. మిగిలిన రంగు ఇలా బయటికి పోతుందన్నారు.

"కచ్చా రంగే అక్కా, దిగిపోతది," అంది లక్ష్మి.

గురువారానికి దిగిపోయింది. కంటికి కనిపించని దారిని ఒక రంగు నా ఒంట్లో వెతికిపట్టడం నాకిప్పటికీ వింతే. మరుసటి మంగళవారం నివేదిక వచ్చింది. తీసిన గ్రంథులు మూడు. క్యాన్సర్ ఉన్నవి సున్నా.