కాన్పు తప్ప అన్నీ ఉన్న కార్డు

ఈ సాయంత్రం మా పక్క ఫ్లాట్ ఖాసిం భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. కడప వాడు, ఇక్కడ యూఏఈలోని అల్ ఐన్‌లో టైలరు. నూర్జహాన్ ఈమధ్యే విజిట్ వీసా మీద ఊరి నుంచి వచ్చింది. ఇప్పుడు ఐదో నెల. ఆమెకు ఇక్కడే ఉండే వీసా కొట్టించాలంటే ఆరోగ్య బీమా కార్డు తప్పనిసరి. ఖాసిం మూడు కంపెనీల కాగితాలు నా ముందు పెట్టి, "అన్నా, కాన్పుకు యాది మంచిదో నువ్వే సూసి చెప్పు" అన్నాడు.

మూడూ చదివాను. నమ్మబుద్ధి కాక ముగ్గురు ఏజెంట్లకూ ఫోన్ చేశాను. అందరిదీ ఒకే మాట: బీమా తీసుకునేనాటికే కడుపుతో ఉంటే కాన్పు ఖర్చు కంపెనీ ఇవ్వదు.

ఖాసిం తల వంచుకున్నాడు. నూర్జహానే మెల్లగా అడిగింది.

"ఐతే నేను మళ్లీ ఊరికి పోవాల్నా అన్నా?"

లేచి టీ పెట్టాను.

వెళ్ళేముందు ఖాసిం, "వీసాకైతే యాదో ఒగటి కావల్ల గదా. యాది తీసుకుందాం?" అన్నాడు. ఊరికే మధ్యలో ఉన్నది చూపించాను. "నువ్వు చెప్పినావంటే మంచిదే అయింటాది" అని ఇద్దరూ నాకు థాంక్స్ చెప్పి మరీ వెళ్ళారు.

మీరైతే ఏది చూపించేవారు?