ప్రమాణం చేశాక అడిగిన కుశలప్రశ్న

ఆస్తి పన్ను విచారణకు మా రోడ్డు మీదే ఉండే వెల్డా క్రెనెక్ గసగసాల కొలాచీలు చేసుకుని బయలుదేరింది. అట్టపెట్టె ఒళ్లో పెట్టుకుని నా కారెక్కింది. లోపలి తీపి రొట్టెలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

"పన్ను తగ్గించమని అడగడానికి వెళ్తూ ఇవెందుకు ఆంటీ?" అన్నాను.

"ఉత్త చేతులతో పోతామా ఎక్కడికైనా? అక్కడ కూర్చునేది మన మెల్వినేగా."

అదీ నిజమే. టెక్సస్‌లో మాలాంటి పల్లె కౌంటీల్లో పన్ను అభ్యంతరాలు వినే బోర్డులో ఊళ్లోవాళ్లే ఉంటారు. మెల్విన్ బార్టష్ ఆమెతో కలిసి చదువుకున్నవాడు, ఆమె భర్త లియో పోతే శవపేటిక మోసినవాడు.

కానీ ఆఫీసులో అమ్మాయి గుమ్మం దగ్గరే పెట్టెకు చెయ్యి అడ్డం పెట్టింది. "అభ్యంతరం పెట్టినవాళ్ల దగ్గర బోర్డువాళ్లు ఏమీ తినకూడదమ్మా, రూలు." వెల్డా ఆంటీ ఆ పెట్టెను విచారణ అయ్యేదాకా ఒళ్లోనే పెట్టుకుంది. చర్చికి వేసుకునే గౌను మీద వెన్న మరక పడింది.

ఆమె గొడవంతా ఇంటి గురించే. మాది నల్లరేగడి. వేసవిలో చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. అలా ఉబ్బి, కుంగి, ఆమె ఇల్లు ఒక పక్కకు ఒరిగింది. పడకగది తలుపు పడదు. గోడ పగుల్లో గుడ్డలు కుక్కింది. అయితే పక్క పొలం హ్యూస్టన్ లాయరు ఒకాయన కొని, శని ఆదివారాలు గడపడానికి ఈతకొలనుతో సహా పెద్ద మేడ కట్టాడు. ఆ మేడను చూసి ఆఫీసువాళ్లు ఈమె ఇంటి విలువ కూడా పెంచేశారు. పక్కవాడు ధనవంతుడైతే నువ్వూ ధనవంతురాలివే! ఈ లెక్క కట్టినవాళ్లెవరూ ఆమె గడప తొక్కలేదు.

పొలం గురించి ఆమెకు బెంగ లేదు. పశువులు మేసే నేలకు మా దగ్గర మార్కెట్ ధర మీద పన్ను వెయ్యరు, గడ్డి మీద వచ్చే రాబడిని బట్టి వేస్తారు. ఆ పద్ధతే లేకపోతే మా రోడ్డు మీద ఒక్క రైతు కుటుంబం మిగిలేది కాదు. ఇక్కడ చెప్పాల్సిన సంగతి ఒకటుంది. కిందటి శీతాకాలం, ఈనిన ఆవు ఒకటి ఆమెను ఇనుప గేటుకేసి అదిమేసింది. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆవులన్నిటినీ సంతలో అమ్మించేసింది. ఆ మాట ఆఫీసుకు చెప్పాలని ఆమెకూ తట్టలేదు, నాకూ తట్టలేదు.

లోపల కుడిచెయ్యి ఎత్తించి నిజమే చెబుతానని ప్రమాణం చేయించారు. బల్ల మీద రికార్డరు ఎర్రగా వెలుగుతోంది. ఆఫీసు తరఫున డస్టిన్ అనే కుర్ర అధికారి లాయరు మేడ లెక్కలు చదివాడు. తరువాత ఆంటీ నేను తీసిన ఫొటోలు బల్ల మీద పరిచింది. పగుళ్లు, వంగిన వరండా, నేలకూ గోడకూ మధ్య సందు. బోర్డు అధ్యక్షురాలు కళ్లద్దాలు సర్దుకుని చూసి, "అయ్యో, ఇందులో ఎలా ఉంటున్నారమ్మా?" అంది. ఆ మాటతో గెలిచామనే అనుకున్నాను.

ఫొటోలు చేతులు మారి మెల్విన్ దగ్గరకొచ్చాయి. వరండా వెనక పొలం కనిపిస్తోంది. మా వైపు ఇద్దరు కలిస్తే ముందు వాన గురించి, ఆ తరువాత ఆవుల గురించి అడగడం మర్యాద. అడగకపోతే మనసులో ఏదో పెట్టుకున్నాడనుకుంటారు.

"గడ్డి భలే లేచిందే వెల్డా! ఆవులెలా ఉన్నాయి?" అన్నాడు మెల్విన్.

ఆమె అలవాటుగా నోరు తెరిచి ఆగింది. రికార్డరు వైపు చూసింది. ఇందాక ఎత్తిన తన చేతివైపు చూసుకుంది.

"లేవు మెల్విన్. తుంటి విరిగాక అమ్మేశాను."

డస్టిన్ తల ఎత్తాడు. మెల్విన్ మెడ ఎర్రబడింది. "అది ఇవాళ్టి విషయం కాదు," అని అధ్యక్షురాలు గబగబా అంది. కానీ అన్న మాట అక్కడే ఉంది, రికార్డరులో.

ఇంటి విలువ తగ్గించారు. గెలిచింది. ఆఫీసు వరండాలోకి డస్టిన్ మా వెనకే వచ్చాడు. చెడ్డవాడు కాదు, టోపీ తీసి మరీ మాట్లాడాడు.

"విన్నది విననట్టు ఉండలేనమ్మా. కొత్త సంవత్సరానికి పశువులు కనపడకపోతే, భూమికి మార్కెట్ ధర మీదే పన్ను పడుతుంది."

"ఆ లాయరుకో?"

"ఆయన తేనెటీగల పెట్టెలు పెట్టించారు. అది వ్యవసాయం కిందకే వస్తుంది."

"ఓహో! మరి ఆయన ఈతకొట్టేది వ్యవసాయం కాదా నాయనా?"

ఆమె నవ్వింది, నాకు నవ్వు రాలేదు. ఆ తేనెటీగలను చూసేది జీతగాడు. ఆయనకు ఏ పెట్టె ఎక్కడుందో కూడా తెలియదు. ఆయన రైతు! బతుకంతా పేడ ఎత్తి, తుంటి విరగ్గొట్టుకున్న మనిషి రైతు కాదు. చట్టంలో మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి, కాదనను. అవి ఎవరికి పనికొస్తున్నాయో చూడండి.

ఆ శనివారమే లాయరు కంచె దగ్గరకొచ్చాడు. "మీ వైపూ నా పెట్టెలు పెట్టిస్తాను వెల్డా గారూ. ఎప్పుడైనా అమ్మితే నాకే, ఇవాళ్టి ధరకే అమ్ముతానని చిన్న కాగితం రాసివ్వండి, చాలు."

"నే పోయేదాకా ఆగలేవా అబ్బాయ్?" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

మేతకు కౌలుకిద్దామంటే మా రోడ్డు మీద ఇంకో పొలం కావాల్సినన్ని పశువులున్నది మెల్విన్‌కే. అతనొచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"నా ఆవులు నీ పొలంలో తోలితే, తీర్పు చెప్పినవాడే మేత కొట్టేశాడంటారు వెల్డా."

"అంటారు."

"అలవాటుగా అడిగానే, నా నోరు పడిపోను!"

"నేను మాత్రం? బాగున్నాయి అంటే పోయేదిగా. కూర్చో, కాఫీ తాగు."

లియో వదిలిపోయిన ట్రాక్టరు అమ్మి ఆంటీ పెయ్యలు కొంది. మెల్విన్ సంత నుంచి ట్రెయిలరులో తెచ్చి దింపాడు. వద్దని నేను పోట్లాడాను. "ఆవులతో ఉంటే తుంటి పోవచ్చు, లేకపోతే పొలమే పోతుంది. నువ్వే చెప్పవే, ఏది పోనివ్వను?" అంది.

ఉత్తరపు గాలి కొడుతున్న ఒక పొద్దున పాలు ఇచ్చిపోదామని వెళ్లాను. ఆంటీ ఒక చేత్తో చేతికర్ర, ఒక చేత్తో దాణా బకెట్ పట్టుకుని అదే ఇనుప గేటు లోపల ఉంది. తనను అదిమిన గేటు అది. గొలుసు తనే వేసుకుంది. బకెట్ చప్పుడుకు పెయ్యలు తలలెత్తి, ఒకదాన్నొకటి తోసుకుంటూ పరుగందుకున్నాయి. ఆమె కర్ర నేలకు గట్టిగా ఆనించి, వీపు గేటుకు ఆనించుకుంది.

"మెల్లగా, తల్లీ, మెల్లగా," అంటోంది వాటితో.