పోయినవాడి కోసం అప్పు

మరదలు ఫోన్ చేసేసరికి రోడ్డు పక్కన నా చాయ్ డబ్బా కొట్టులో రెండోసారి పాలు పొంగుతున్నాయి.

"బావా, అయిపోయింది" అంది. ఏడుపు వినపడలేదు. వెనకాల ఎవరో జరగండి, జరగండి అని అరుస్తున్నారు.

నా తమ్ముడు హైదరాబాదులో పెద్ద బిల్డింగులకు రంగులు వేసేవాడు. ఆ వారం మొదట్లో పని చేస్తూ పైనుంచి పడిపోయాడు. పనికి పెట్టుకున్న గుత్తేదారు దగ్గర్లోని ప్రైవేటు దవాఖానలో చేర్పించి, మొదటి రోజు డబ్బు కట్టి, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. సిద్దిపేటలో అడగగలిగిన వాళ్లందరినీ మేము అప్పుడే అడిగాం. ఇచ్చేవాళ్లు ఇచ్చేశారు. నా భార్య కమ్మలు కూడా అప్పుడే పోయాయి.

ఇంకా నలభై వేలు కట్టాలి. శవాన్ని ఇవ్వబోమని దవాఖాన వాళ్లెవరూ అనలేదట. బిల్లు కడితే కాగితాలు తయారవుతాయి అన్నారట, అంతే. మరదలు చంటిబిడ్డతో కింద వరండాలో కూర్చుని ఉంది.

పాలు పక్క హోటలాయనకు పోసేసి, డబ్బా మూసి, నాకు ఖాతా ఉన్న బ్యాంకుకు నడిచాను. అక్కడి ఆఫీసరు నా వివరాలు కంప్యూటర్‌లో కొట్టి చూశాడు.

"మీకు లోను రాదు. స్కోరు మొత్తం ఖరాబైంది. బైకు లోను కట్టలేదు గదా?"

"కరోనాల డబ్బా బందుండె సార్. కిస్తులు తప్పినయి. వాళ్లే వచ్చి బండి గుంజుకపోయిన్రు."

"బండి అమ్మంగ వచ్చింది పోను ఇంకా బాకీ ఉన్నట్టు చూపిస్తుంది."

బండితోపాటే లెక్క కూడా పోయిందనుకున్నాను నేను. ఇన్నేళ్లూ అది నా పేరు మీద కూర్చుని ఉందని నాకు తెలియదు. ఆయన దురుసు మనిషి కాదు. దేనికోసమని అడిగాడు.

"తమ్ముడు చనిపోయిండు సార్. హైదరాబాదు నుంచి తెచ్చుకోవాలె."

ఆయన కంప్యూటర్‌లో నా వివరాలు మూసేశాడు. "గసుంటిదానికి మా దగ్గర లోను లేదు" అన్నాడు, గొంతు తగ్గించి.

మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాక నాకు తోచింది. బతికున్నవాడికైతే ఎవరైనా ఇస్తారేమో. పోయినవాడికని అడిగితే ఎవరిస్తారు?

బస్టాండుకు వెళ్లే దారిలో ఒక ఫైనాన్స్ ఆఫీసు ఉంది. స్కోరు తక్కువున్నా చిన్న లోన్లు ఇస్తామని గోడ మీద రాసి ఉంటుంది. లోపల ఒక అమ్మాయి కూర్చోబెట్టి నీళ్లిచ్చింది.

"దవాఖాన ఖర్చా అన్నా? పేషెంటు మీకు ఏమైతడు?"

"తమ్ముడు."

"ఇప్పుడెట్లున్నడు?"

"మంచిగనే ఉన్నడు. మాట్లాడుతుండు."

మాట్లాడుతుండు అన్న మాట ఆమె అడగకుండానే నా నోట్లోంచి వచ్చింది. అన్నాక నాకే నిజమనిపించింది. వాడు మంచం మీద లేచి కూర్చుని, అన్న ఏడీ అని అడుగుతున్నట్టు కళ్ల ముందు కనిపించింది. ఆమె టైపు చేస్తూ ఉంది. 

"హెడ్డాఫీసోళ్లు వద్దంటున్నరన్నా" అంది చివరికి. "జామీను పెట్టెటోళ్లు ఎవరన్న ఉన్నరా? పేరు మంచిగున్నోళ్లు?"

నా కోసం కళ్లు మూసుకుని సంతకం పెట్టే మనిషి లోకంలో ఒక్కడే ఉండేవాడు. ఎవరూ లేరని చెప్పాను. మీ తమ్మునికి ఏం కాదు, ధైర్యంగా ఉండమని చెబుతూ ఆమె గుమ్మం దాకా వచ్చింది.

రోడ్డు మీదికి రాగానే మరదలు మళ్లీ ఫోన్ చేసింది. "ఎప్పుడు కడతరని అడుగుతున్నరు బావా. ఏమని చెప్పాలె?"

"పైసలు తెస్తున్నమని చెప్పు" అన్నాను.

మిగిలింది ఒకే ఒక్కడు. అప్పట్లో లోను కంపెనీ తరఫున నా బండిని తీసుకుపోయినవాడే. తర్వాత ఆ ఉద్యోగం మానేసి, మార్కెట్ యార్డు దగ్గర గిరిగిరి నడుపుతున్నాడు. ఇచ్చేటప్పుడే మిత్తి, అంటే వడ్డీ, పట్టుకుని, రోజూ సాయంత్రం వచ్చి కొంచెం కొంచెం వసూలు చేసుకునే అప్పు అది. వెళ్లేసరికి అన్నం తింటున్నాడు. తమ్ముడికి దవాఖాన ఖర్చని చెప్పాను.

"పేషెంటుకయితె ఇయ్యను" అన్నాడు, తల ఎత్తకుండానే. "గా ఖర్చుకు అడుగుండదు. ఇయ్యాల నలభై అంటవు, రేపు లక్ష అంటవు. ఆఖరికి మనిషి దక్కడు, నా పైసలు దక్కయి."

"సచ్చిపోయిండన్నా" అన్నాను. "పొద్దుగాలనే. తెచ్చుకోవాలె."

అతను చెయ్యి కడుక్కున్నాడు. "ముందుగాల్నే చెప్పొద్దా? సావు ఖర్చయితె ఒక్కపారితోటి అయిపోతది. డబ్బా నీదేనా, కిరాయిదా?"

"నాదే."

"రాసియ్యి మరి."

రాసిచ్చాను. ఆ రోజు నిజం చెబితే నాకు అప్పు పుట్టింది అతని దగ్గరే. మిత్తి పోను చేతిలో పెట్టిన డబ్బు బిల్లుకు చాలలేదు. నా మొహం చూసి, ఇంకొంచెం కలిపి, దాన్నీ లెక్కలో వేసుకున్నాడు. నేను రెండు చేతులూ జోడించి దండం పెట్టాను. ఆ దండం తలచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

హైదరాబాదు వెళ్లి బిల్లు కట్టి, పోస్టుమార్టం అయ్యాక మర్నాడు పొద్దుగుంకే వేళకు తమ్ముడిని ఇంటికి తెచ్చాం. వాడి గోళ్ల సందుల్లో తెల్లరంగు ఇంకా పోలేదు. నా భార్య నూనె గుడ్డతో తుడుస్తుంటే మరదలు చెయ్యి అడ్డం పెట్టి, ఉండనియ్యి అక్కా అంది. అప్పుడు ఏడ్చింది.

దినాలకు అప్పిచ్చినవాడూ వచ్చి భోజనం చేశాడు. పోతూ పోతూ, "ఇయ్యాలటిది వద్దు తియ్యి, రేపు కలిపియ్యి" అన్నాడు.

రోజూ కట్టుకుంటూ ఆర్నెల్లు కూడా లాగలేకపోయాను. వానాకాలంలో గిరాకీ పడిపోయింది. ఒక సాయంత్రం అతను డబ్బాకు వేరే తాళం వేసుకుని, ఇంకెవరికీ ఇవ్వను, నువ్వే నడుపుకో, రోజుకూలి ఇస్తా అన్నాడు. పొయ్యి అదే, గిన్నెలు అవే. గల్లా అతనిది. ఒప్పుకున్నాను.

మరదలు మా దగ్గరే ఉంటూ బీడీలు చుడుతోంది. మొన్నామధ్య కుట్టుమిషను కోసం ఎక్కడో అడిగి వచ్చింది. ఆమె పేరు మీద ఏ బాకీ లేదట, వెంటనే ఇస్తామన్నారట.

"తీసుకోవాల్నా బావా?" అని అడిగింది.

వద్దన్నాను. అయినా ఆమె వారం తిరక్కుండానే వెళ్లి సంతకం పెట్టి వచ్చింది. ఇప్పుడు మిషను కిటికీ పక్కన ఉంది. కిస్తు తేదీ దగ్గర పడే కొద్దీ అర్ధరాత్రి దాకా దాని చప్పుడు ఆగదు.