తీజ్ బుట్ట

మాది జనగామ. ఉద్యోగం కొత్తగూడ దగ్గరి లంబాడీ తండాలో, అంగన్‌వాడీ టీచరుగా. ఏళ్ల తరబడి ఆ తండా ఉప్పు తిన్నదాన్ని. అయినా నిరుటి తీజ్ పండుగ తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

తీజ్‌కు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను నింపి గోధుమలు చల్లుతారు. మొలకలకు రోజూ నీళ్లు పోసేది, పాటలు పాడేది వాళ్లే. గోధుమలు పడ్డాక పెళ్లయినవాళ్లెవరూ ఆ బుట్టను ముట్టరు.

మా తండాలో ఒక పిల్లను మిరపకాయలు ఏరే పనికని ఒకామె తీసుకెళ్లి, ఆడపిల్లలతో వ్యాపారం చేసేవాళ్లకు అమ్మేసింది. పోలీసులు విడిపించారు. మహబూబాబాద్‌లోని సహాయ కేంద్రం అక్క ఆ పిల్లను కొన్నాళ్లు కడుపులో పెట్టుకుని చూసి, ఇంటికి చేర్చింది. "తప్పు నీది కాదు బిడ్డా. ఈడ ఉండబుద్ధి కాకుంటె నా దగ్గరికి వచ్చెయ్" అని ధైర్యం చెప్పి వెళ్లింది. పిల్ల మాత్రం తల్లి దగ్గరే ఉంటానంది. ఉండనిస్తే కదా!

పండుగ మొదటి రోజు పందిరి కింద తండా పెద్ద భార్య ఆడపిల్లలందరికీ బుట్టలు పంచుతూ వచ్చి, ఆ పిల్ల ముందు ఆగింది.

"నువ్వు పక్కకు జరుగు. గిది కన్నెపిల్లల పండుగ."

పిల్ల తల దించుకుంది. తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఊరుకోలేకపోయాను.

"పిల్ల చేసిన తప్పేందమ్మా?" అన్నాను.

"నీకెరుక లేదు టీచరమ్మా. మా కట్టు గిట్లనే ఉంటది."

"కట్టా? పోయినేడు పనికి మనుషులు కావాలని గామె వస్తె, గిదే పందిరి కింద మంచమేసి కూర్చోబెట్టిన్రు గద! ఏ ఊరిదానివని ఒక్కలన్న అడిగిన్రా? అమ్ముకున్నదానికి మంచం, ఏడ్చుకుంట వచ్చినదానికి గెంటుడు! థూ, ఏం కట్టమ్మా గిది?"

తండా పెద్ద నన్ను కసురుకోబోయాడు. ఈలోగా చివరన ఉన్న పిల్ల తన బుట్ట కింద పెట్టేసింది. "అక్కకు ఇయ్యకుంటె నేను గోధుమలు చల్ల" అంది. పక్కపిల్లా పెట్టేసింది. చూస్తుండగానే అన్ని బుట్టలూ నేల మీదికి వచ్చాయి. ఆడపిల్లలు చల్లకపోతే తీజ్ లేదు, వాళ్ల బదులు చల్లే హక్కు ఎవరికీ లేదు. పెద్దాయన భార్య మొహం మాడ్చుకునే బుట్ట ఇచ్చింది.

పిల్ల బుట్ట తీసుకుంది గానీ గోధుమలు చల్లలేదు. నిలబడి, అందరినీ చూస్తూ అడిగింది.

"నన్ను అమ్మినామె ఇంక దొరకలే. మల్ల వస్తె మంచమేస్తరా, పోలీసోళ్లకు ఫోన్ జేస్తరా?"

తండా పెద్ద తువ్వాలు దులుపుకున్నాడు. ఇంతమంది పెద్దలున్నారు, ఏం లాభం? చివరికి తల్లి నోట్లోంచి కొంగు తీసింది.

"నేను జేస్త బిడ్డా. నువ్వు చల్లు."