నార్తర్న్ లైట్లకు టూర్ ప్రోగ్రాం

రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుందనగా, ఒక నవంబరులో, నేను పోర్ట్ బ్లెయిర్‌లో దీపస్తంభాల శాఖ హెడ్ కీపర్‌గా ఉన్నాను. మా శాఖలో దీపస్తంభాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, ‘లైటు’ అంటారు. ఉత్తర అండమాన్ వైపువి నార్తర్న్ లైట్లు. ప్రతి లైటుకూ ఒక ‘క్యారెక్టర్’ ఉంటుంది, అంటే ఎన్ని సెకన్లకొకసారి మెరుస్తుందన్న లెక్క. ఓడ నడిపేవాడు దాన్నిబట్టే ఆ లైటు ఏదో గుర్తుపడతాడు. ఆ లెక్క తప్పకుండా మేం వాచీ పెట్టి సరిచూస్తుంటాం, లైటు తిప్పే యంత్రానికి గ్రీజు రాస్తుంటాం.

ఈ లైట్ల ధర్మమా అని మా ఆవిడ రత్నం నాతో సరదాగా ఎక్కడికీ వెళ్లింది లేదు. ఒకరోజు ఫోనులో నార్వే ఆకాశంలో నార్తర్న్ లైట్లు అనే ఆకుపచ్చ వెలుగులు చూసి, “గ్రీజు రాయక్కర్లేని లైటొకటుందట. అది సూపించండి, బస్, ఇంకేం వద్దు” అంది. జనవరిలో ఆరు రోజులకు టికెట్లు తీశాం.

ప్రభుత్వోద్యోగి సొంత పనిమీద విదేశం వెళ్లాలంటే శాఖ నుంచి ‘అభ్యంతరం లేదు’ అన్న కాగితం కావాలి. అర్జీలో విషయం దగ్గర ‘నార్తర్న్ లైట్లు చూచుటకు సెలవు’ అని రాశాను. నార్వే అన్న మాట రెండో పేజీలో ఉంది.

వారానికి ఫైలు తిరిగొచ్చింది. ‘సెలవు అవసరం లేదు. ఇది డ్యూటీయే. టూర్ ప్రోగ్రాం పంపవలెను’ అని రాసుంది. చెన్నైలో వీసాకు ఇచ్చిన తేదీకి ఇంక నాలుగు రోజులే ఉంది. ఇంట్లో రత్నం అప్పటికే ఊలు టోపీలు రెండు అల్లేసి, మేముండే లంబాలైన్ పేట ఎండలో ఒకటి పెట్టుకుని అద్దం చూసుకుంటోంది. ఆమెకు ఈ సంగతి చెప్పకుండా, నేరుగా డెలానీపూర్‌లోని మా శాఖ ఆఫీసుకు వెళ్లాను.

సూపరింటెండెంటు సింహాచలంగారు ఎంతో దయగా, “అరే భయ్యా, లైట్లు సూడ్డానికి ఛుట్టీ ఎందుకు? డ్యూటీ మీదే ఎల్లు. బోటు నేను పెట్టిస్తాను” అన్నారు. నేను రెండో పేజీ తిప్పి చూపించాను. ఆయన చదివి, కళ్లజోడు తీసి, బల్లమీద తల ఆన్చి నవ్వారు. సాయంత్రంలోగా కాగితం టైపు చేయించి సంతకం పెట్టారు. ఒక్కటే షరతు, తిరిగొచ్చాక తనిఖీ రిపోర్టు ఇవ్వాలి.

నార్వేలో రెండు రాత్రులు మబ్బే. మూడోరాత్రి మబ్బు విడిచింది. ఆకుపచ్చ వెలుగు కొండమీంచి లేచి, దండెం మీద ఆరేసిన చీరలా కదిలింది. నాకు తెలియకుండానే వాచీ చూస్తూ ఒకటి, రెండు అని లెక్కపెడుతున్నాను. రత్నం నా మణికట్టు మీద చెయ్యి వేసి వాచీ కప్పేసింది.

“ఇది మీ డిపార్ట్‌మెంటుది కాదు. ఊరికే సూడండి” అంది.

చూశాను. అంత సంతోషం సర్వీసు మొత్తంలో ఎరగను.

రిపోర్టు ఇచ్చాను. ‘లైటు వెలుగుతోంది. క్యారెక్టర్ తెలియలేదు. గ్రీజు అవసరం లేదు. కీపర్ కనబడలేదు.’ సింహాచలంగారు కింద ‘చూచితిని’ అని రాసి ఫైలులో పెట్టించారు.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నవి రెండు. వెళ్లే ఊరి పేరు అర్జీ మొదటి పేజీలోనే రాయాలి. ప్రతి లైటుకూ వాచీ చూడనక్కర్లేదు.